జలపాతానికి దారి

‘మెయిన్ ఫాల్స్’ అని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ రాసి, కింద ఎర్రటి బాణం గుర్తు వేసిన బోర్డు అది. ఆ బాణాన్ని నమ్ముకుని వెళ్ళినవాళ్ళకు జలపాతం కనబడదు. మరుగుదొడ్లు కనబడతాయి.

తమిళనాడులో కావేరి దూకే హొగెనకల్‌కు వచ్చినవాళ్ళు మామూలుగా నీళ్ళను చూస్తారు. ఆ రోజు ఆ బోర్డు కింద నిలబడ్డ అమ్మాయి మాత్రం మనుషులను చూస్తోంది. ఎవరైనా బాణం వెంట వెళ్ళి ముక్కు మూసుకుని తిరిగొస్తే చాలు, ఫోన్‌లో ఏదో నొక్కుకుంటోంది.

నిచ్చెన భుజాన వేసుకుని లోకనాథన్ అటువైపు వచ్చాడు. ఆమె అతన్ని ఎగాదిగా చూసి తమిళంలో అడిగింది. “ఈ బోర్డు పెట్టింది ఎవరో తెలుసా?”

“నేనే,” అన్నాడతను కాస్త గర్వంగానే.

“అక్షరాలు బాగున్నాయి. బాణం ఎటు ఉందో చూశారా?”

చూశాడు. మరుగుదొడ్ల వైపు ఉంది. ఏదో వ్యాను వెనక్కి వస్తూ గుద్దితే ఆ స్తంభం వంగిపోయింది. దాన్ని పీకి మళ్ళీ పాతింది తనే. వాన ముంచుకొస్తోందన్న తొందరలో రెండువైపులా రాసిన బోర్డును అటుది ఇటు తిప్పి పాతేశాడు. తప్పు తనదే. కానీ నలుగురి ముందు ఒప్పుకోవాలంటే నోరు రాలేదు.

“పొద్దున్నే ఎవురి మొగం చూసినానో, ఈమె తగులుకునింది,” అని తెలుగులో గొణుక్కున్నాడు. తమిళం మాట్లాడే అమ్మాయికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు.

“నా మొగమే చూసుంటారు. పొద్దున్నుంచి ఈడ్నే నిలబడుకోనుండాను కదా,” అందామె, అచ్చం అతని ఇంటి తెలుగులో.

నిచ్చెన జారి కాలి మీద పడింది. అతను ఒంటికాలి మీద గెంతుతుంటే, ఆమె నవ్వు కనబడకుండా టోపీని ముందుకు లాక్కుంది.

ఆమె పేరు కీర్తిక. ఊరు ఇండూరు. నాన్న వసంతకుమార్‌ది చింతపండు వ్యాపారం. కోయంబత్తూరులో డిజైన్ చదివి చెన్నైలో ఒక చిన్న కంపెనీలో పని చేస్తోంది. పదిమంది తిరిగే చోట్ల దారి తెలిసేలా బోర్డులు పెట్టించడం ఆ కంపెనీ పని. ఈసారి హొగెనకల్ పని ఆ కంపెనీకి దక్కింది. తమిళుల ఆడి నెలలో కావేరికి మొక్కే పండగకు జనం విరగబడి వస్తారు. ఆ లోపల బోర్డులన్నీ కొత్తవి నిలబెట్టాలి.

వాటిని తయారుచేసే పని ధర్మపురి బస్టాండు వెనక బోర్డుల అంగడి నడిపే లోకనాథన్‌కే వచ్చింది.

“మీకు వేరే మనిషి దొరకలేదా?” అని అడిగాడతను మరుసటి వారం ఆమె అంగట్లోకి వచ్చినప్పుడు.

“దొరికినారు. కానీ మీ అక్షరాలు బాగుండాయి. బాణాలు నేను చూసుకుంటాను.”

* * *

ముందు బోర్డులు చేయనివ్వలేదు కీర్తిక. వచ్చినవాళ్ళ వెనకే నడవమంది.

“మనిషి యాడ ఆగి అటూ ఇటూ చూస్తాడో, ఆడ బోర్డు ఉండల్ల. ఆగినాక కాదు, ఆగే ముందరే కనపడల్ల,” అని చెప్పింది.

వెనకే నడిచారు. ఆయిల్ మసాజు చేసే పందిరి దగ్గర దారి రెండుగా చీలుతుంది. అక్కడ ప్రతి కుటుంబమూ ఆగుతుంది. మొగుడు ఒకవైపు, పెళ్ళాం ఒకవైపు చూపిస్తారు. చివరికి పక్కనే చేపలు వేయించే పాపక్కను అడుగుతారు. పాపక్క అట్లకాడతోనే దారి చూపించి, “వచ్చేటప్పుడు చేప తినిపోండి,” అని ఒక మాట అంటుంది.

“నువ్వు బోర్డు పెడితే నా దగ్గర ఎవురూ ఆగరు కదమ్మా,” అని పాపక్క కీర్తికతో పోట్లాడింది. ఆమెదీ ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబమే.

“నీ అంగడికీ ఒక బోర్డు పెడతాంలే అక్కా. చేప బొమ్మతో.”

“చేప నవ్వతా ఉండల్ల.”

“వేయించిన చేప ఎట్ల నవ్వుతుంది పాపక్కా?” అన్నాడు లోకనాథన్.

“నువ్వు నవ్వతా ఉండావు కదప్పా, ఈ పిల్ల వచ్చినప్పటినుంచి. అట్లనే.”

అతను గభాలున నీళ్ళవైపు తిరిగాడు. కీర్తిక ఫోన్‌లో లేనిదేదో వెతుక్కుంది.

అట్టల మీద వేసి పెట్టిన బొమ్మలు చదువు రానివాళ్ళకు అర్థమవుతాయో లేదో చూడాలని ఆమె పట్టుబట్టింది. దాంతో ఒక ఆదివారం సోగత్తూరు నుంచి తన అవ్వను తీసుకొచ్చాడతను. రంగమ్మాళ్‌కు ఏ భాషలోనూ అక్షరం రాదు. అమ్మానాన్న పోయాక లోకనాథన్‌ను పెంచింది ఆమే.

“అవ్వా, స్నానం చేసినాక బట్టలు మార్చుకునే గదికి పోవల్ల. ఎవుర్నీ అడక్కూడదు. బొమ్మలు చూసి పో,” అంది కీర్తిక.

రంగమ్మాళ్ కొంగు నడుముకు చుట్టి బయలుదేరింది. బట్టలు తగిలించే కొక్కెం బొమ్మ ఉన్న అట్ట ముందు ఆగి తేరిపార చూసింది. “ఈడ మటన్ కొడతారా?” అని అడిగింది.

కీర్తిక నడిరోడ్డు మీద కూర్చుండిపోయి నవ్వింది. లోకనాథన్ ఆమె నవ్వునే చూస్తూ నిలబడ్డాడు. ఆ మధ్యాహ్నం కొక్కెం పోయి, తెరచాటున చీరతో ఒక ఆడమనిషి బొమ్మ వచ్చింది. రంగమ్మాళ్ ఈసారి తిన్నగా గది దగ్గరికి పోయి అక్కడినుంచి చెయ్యి ఊపింది.

తిరుగు బస్సులో ఆమె మనవడి చెవిలో, “ఆ పిల్ల బాగుంది,” అంది.

“చదువుకునిన పిల్ల అవ్వా.”

“నేను చదువు గురించి చెప్పిననా?”

* * *

బోర్డులు నాలుగు భాషల్లో ఉండాలి. తమిళం, ఇంగ్లీషు, కన్నడం, తెలుగు. కన్నడాన్ని అవతలి కర్ణాటక ఒడ్డు నుంచి తెప్ప నడుపుకొచ్చే ఒకాయన చదివి సరిచేశాడు. తెలుగు గురించి ఎవరికీ దిగులు లేదు. ఇద్దరూ తెలుగువాళ్ళేనాయె.

ముందుగా కొన్ని బోర్డులు చేసి నిలబెట్టిన రోజున పలమనేరు నుంచి ఒక ముసలి జంట వచ్చింది. పెద్దాయన బట్టలు మార్చుకునే గది ముందు ఆగి, కళ్ళజోడు సవరించుకుని, పైకి చదివాడు. “ఆడవాళ్ళు మార్చబడును.”

భార్య వైపు తిరిగాడు. “ఏమే, ఈడ ఆడోళ్ళను మారుస్తారంట. రా, అడిగి చూద్దాం.”

“ముందు నిన్ను మార్చే గది యాడుందో చూసి రా,” అందామె.

చుట్టూ ఉన్న ఆంధ్ర వాళ్ళంతా ఘొల్లుమన్నారు. లోకనాథన్, కీర్తిక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“నువ్వు చదవలేదా?” అందామె. కంగారులో ‘మీరు’ జారిపోయింది. “అంత చక్కగా రాసినావు కదా!”

“చూసి దించినాను. నాకు తెలుగు చదివేకి రాదు. నువ్వు చదివే పంపినావనుకున్నాను.”

“నాకూ రాదు! కంపెనీలో ఫోన్‌లో పెట్టి మార్చినారు. నువ్వు తెలుగోడివి కదా, తప్పుంటే చెప్తావనుకున్నాను.”

పెద్దాయనే దగ్గరికి వచ్చాడు. “తెలుగు ఇంత బాగా మాట్లాడతా ఉండారు, చదవడం రాదా నాయనా?”

“మేము చదివింది తమిళంలో తాతా. తెలుగు ఇంట్లోనే,” అన్నాడు లోకనాథన్. ఎందుకో ఆ మాట చెప్పేటప్పుడు గొంతు చిన్నదైంది.

ఆ రోజు నుంచి ఇద్దరూ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టారు. ఫోన్‌లో వీడియోలు చూస్తూ అంగట్లో రేకు ముక్కల మీద రాసేవాళ్ళు. అతని చెయ్యి రంగుకుంచెకు అలవాటైంది కాబట్టి గుండ్రాలు చక్కగా తిరిగేవి. కానీ ఏది ‘మ’, ఏది ‘య’ అన్నది మర్చిపోయేవాడు. ఆమెకు అక్షరాలు గుర్తుండేవి. రాస్తే మాత్రం జిలేబీలు వేసినట్టుండేది.

“ఇదేంది?” అనేవాడు.

“ళ.”

“ఇది ళ కాదు. కాలు ఇరిగిన కోడి.”

రేకు ముక్క తీసుకుని ఆమె కొట్టబోయేది. అతను తప్పించుకోడానికి ఎప్పుడూ పెద్దగా ప్రయత్నించేవాడు కాదు.

“ఇట్ల కాదు. యాడ చూసినా తెలుగే ఉండే ఊరికి పోదాం. బోర్డులన్నీ చదువుతాం. ఆడ ఎట్ల రాస్తారో చూస్తాం,” అంది కీర్తిక ఒకరోజు.

* * *

కృష్ణగిరిలో బస్సు మారి కుప్పం వెళ్ళారు. రాష్ట్రం దాటగానే కిటికీలోంచి ఆమె చెయ్యి బయటికి చాచి చూపించింది. పాల డిపో గోడ మీద, పంక్చరు అంగడి రేకు మీద, కల్యాణ మండపం మీద, అన్నిచోట్లా తెలుగు అక్షరాలే.

బజారులో ఇద్దరూ చిన్నపిల్లల్లా ఒక్కో అంగడి ముందూ ఆగారు.

“మం... దు... ల... షా... పు,” అని కూడబలుక్కున్నాడు లోకనాథన్. అర్థమవగానే మొహం వెలిగింది. “మందుల షాపు! కీర్తికా, చదివినాను!”

అంగట్లో ఉన్నాయన, “ఏం కావాలి?” అన్నాడు.

“ఏమొద్దు. ఊరికే చదివినాను,” అన్నాడతను. అంగడి ఆయన తలనొప్పి మాత్ర ఒకటి ఇవ్వబోయాడు.

పాలకొట్టు ముందు కీర్తిక చాలాసేపు ఆగింది. “ఇచ్చట పాలు అమ్మబడును. లోకా, ఇచ్చట అంటే ఏంది?”

“ఈడ అనేమో.”

“మరి ఈడ అనే రాయొచ్చు కదా?”

“మా అవ్వతో ఇచ్చట అంటే, ఎవురిదో పేరు అనుకుంటుంది.”

“మన బోర్డులో అట్ల రాయొద్దు. ‘ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది’ అని రాస్తాం. ఎవురు చదివినా ఇంట్లో వాళ్ళు చెప్పినట్టుండల్ల.”

వాన మొదలైంది. సోడా అంగడి చూరు కిందికి పరుగెత్తారు. చూరు చిన్నది కాబట్టి ఇద్దరూ భుజాలు తాకేలా నిలబడాల్సి వచ్చింది. ఎదురుగా వీధంతా తడుస్తోంది. తడిసిన బోర్డుల మీద రంగులు ఇంకా ముదురుగా కనబడుతున్నాయి.

“నేను చిన్నప్పుడు స్కూల్లో ఒకసారి పొరబాట్న తెలుగులో మాట్లాడినాను,” అంది కీర్తిక మెల్లగా. “దాహమైతా ఉంది, నీళ్ళు కావల్ల అన్నాను. అందరూ నవ్వినారు. అప్పటినుంచి బయట ఒక్క మాట అనలేదు. అమ్మ స్కూలు గేటు కాడ తెలుగులో పిలిస్తే సిగ్గయ్యేది. ఈడ చూడు. మన ఇంట్లో మాటను ఇంత పెద్ద అక్షరాల్లో రాసి, లైటు వేసి పెట్టుకోనుండారు.”

ఆమె కళ్ళు చెమర్చాయి. అతను జేబులు తడుముకున్నాడు. జేబురుమాలు తీశాడు. దాని నిండా పెయింటు మరకలు. ఆమె దాంతోనే తుడుచుకుంది. బుగ్గ మీద నీలం రంగు అంటింది. ఆ సంగతి అతను చెప్పలేదు. తిరిగి కృష్ణగిరి వచ్చేదాకా ఆ నీలం మచ్చను చూస్తూనే ఉన్నాడు.

ధర్మపురి బస్సులో కూర్చున్నాక కీర్తిక కిటికీ వైపు తిరిగి అంది. “వచ్చే ఆదివారం మా ఇంటికి పిల్లను చూసేకి వస్తా ఉండారు. కోయంబత్తూరు వాళ్ళు. పిల్లోడు ఏదో పెద్ద కంపెనీలో మేనేజరు.”

కిటికీ అద్దం మీద వాన చారలు కట్టి జారుతోంది. అద్దంలో ఆమె అతని మొహాన్నే గమనిస్తోంది. ఆ సంగతి అతనికి తెలియదు. అతనికి తన అంగడి రేకుల కప్పు గుర్తొచ్చింది. అద్దె ఇల్లు గుర్తొచ్చింది. చెన్నైలో ఆమె ఆఫీసు ఫోటో చూశాడు ఒకసారి. అంతా గాజు.

“మంచిది కదా,” అన్నాడు.

“మంచిదా?”

“మేనేజరు అంటా ఉండావు కదా.”

ఆమె సంచి ఒళ్ళోకి తీసుకుని కళ్ళు మూసుకుంది. ఇండూరు బస్సు కోసం ధర్మపురిలో దిగినప్పుడు, “వస్తాను,” అని మాత్రం అంది. ఎప్పుడూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపేది. ఆ రోజు తిరగలేదు.

* * *

మిగిలిన బోర్డులకు డిజైన్లన్నీ ఫోన్‌లోనే వచ్చాయి. చివరివారం బిగింపు చూసుకోడానికి కంపెనీ వేరే ఒకాయన్ను పంపింది. కీర్తిక చెన్నైలోనే ఉండిపోయిందట. సంబంధం ఏమైందో అడిగే ధైర్యం లోకనాథన్‌కు లేదు. కుదిరిపోయే ఉంటుందనుకున్నాడు.

ఆడి పండగ రోజున కొత్త చొక్కా వేసుకుని పొద్దున్నే హొగెనకల్ చేరాడు. తన పని ఎలా ఉందో చూసుకోడానికైనా ఆమె వస్తుందనుకున్నాడు. ప్రతి బస్సు దగ్గరికీ వెళ్ళి నిలబడ్డాడు. టోపీ పెట్టుకున్న అమ్మాయి కనిపించినప్పుడల్లా ప్రాణం లేచివచ్చేది. దిగిన మనిషి ఇంకెవరో అయ్యేది.

బోర్డులు మాత్రం ఎంతో బాగా పనిచేశాయి. మసాజు పందిరి దగ్గర ఎవరూ ఆగలేదు. బాణం చూసి స్నానాల రేవుకు కొందరు, తెప్పల రేవుకు కొందరు చీలిపోయారు. ఎర్రటి బోర్డు ఉన్న బండల దగ్గర నాలుగు భాషల్లో ‘ఇక్కడ దిగితే ప్రాణం పోతుంది’ అని చదివి తల్లులు పిల్లల చేతులు పట్టుకుని వెనక్కి లాగారు. మదనపల్లి నుంచి వచ్చిన ఒక ఆడమనిషి గది ముందర ఆగి పైకి చదివింది. “ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది.” చదివి, ఎవరినీ అడగకుండా లోపలికి పోయింది.

లోకనాథన్ ఆ బోర్డు ఫోటో తీసి కీర్తికకు పంపాడు. కింద తెలుగులో, ఒక్కో అక్షరమూ వెతుక్కుని, ‘బోర్డు బాగుంది’ అని పెట్టాడు.

సాయంత్రం జవాబు వచ్చింది. బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి.

ఆ బొటనవేలును అతను బస్సులో ధర్మపురి దాకా చూసుకుంటూ వచ్చాడు.

తర్వాత కర్ణాటకలో వానలు ముదిరాయి. కావేరి ఎర్రగా ఉబ్బింది. స్నానాలు ఆపేశారు, తెప్పలు ఆపేశారు. అయినా లోకనాథన్ వారం వారం హొగెనకల్ వస్తూనే ఉన్నాడు. బురద పట్టిన బోర్డులను తడిగుడ్డతో తుడిచేవాడు. కీర్తిక నిలబడి ఫోన్‌లో లెక్క నొక్కుకున్న చోటు తెలుసు. రంగమ్మాళ్ మాటకు నవ్వుతూ కూర్చుండిపోయిన చోటు తెలుసు. ఇప్పుడతనికి తెలుగు తడుముకోకుండా చదవడం వచ్చేసింది. అంగట్లో గిరాకీ లేనప్పుడూ, ఇంటి వాకిట్లో కూర్చున్నప్పుడూ రేకు ముక్క మీద కీర్తిక పేరు రాసేవాడు. రకారం మీద గుడి, దాని కింద ఇమడాల్సిన తవత్తు, ఎప్పుడూ కుదిరేవి కావు. తిన్నరుతో తుడిచి మళ్ళీ రాసేవాడు.

“పొద్దస్తమానం ఏంది రాస్తా ఉండావు?” అని అవ్వ అడిగేది.

“ప్రాక్టీసు అవ్వా.”

“నాకు చదువు రాదు గానీ, ఎప్పుడూ అదే మాట రాస్తా ఉండావని తెలుస్తుంది,” అని ఆమె లోపలికి పోయేది.

ఒకసారి ఫోన్ తీసి కీర్తిక నంబరు దాకా వెళ్ళాడు. అటువైపు పెళ్ళి హడావుడి ఉంటుందేమో, పక్కన ఆ మేనేజరు ఉంటాడేమో అనిపించింది. ఫోన్ బోర్లించి పెట్టేశాడు.

కార్తీక మాసం వచ్చేసరికి నీళ్ళు తేరుకున్నాయి. పాపక్క మళ్ళీ పొయ్యి వెలిగించింది. లోకనాథన్ గుడ్డతో చేప బొమ్మ బోర్డు తుడుస్తుంటే ఆమె అట్లకాడ కింద పెట్టి నడుము మీద చేతులు పెట్టుకుంది.

“బోర్డు తుడిచేకి ధర్మపురి నుంచి బస్సెక్కి వచ్చేవాణ్ణి నేను యాడా చూడలేదప్పా.”

“పాడైపోతుంది కదక్కా.”

“పాడైపోయేది నువ్వు. నిన్న ఆ పిల్ల ఫోన్ చేసింది. బోర్డులు ఎట్ల ఉండాయి అని అడిగింది. ఉండాయి అన్నాను. తుడిచే మనిషి ఎట్ల ఉండాడు అని అడిగింది.”

లోకనాథన్ చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. “పెళ్ళి... ఎప్పుడంట?”

“ఎవురి పెళ్ళి? ఆ కోయంబత్తూరు వాళ్ళు వచ్చిన పొద్దే వద్దనేసింది. వాళ్ళప్ప కోపంగా అడిగినాడంట, ఎవుర్నన్నా మనసులో పెట్టుకోనుండావా అని. అవును అనిందంట. ఎవురు అంటే, ఆయన నోరు తెరిచినప్పుడు చెప్తాను అనిందంట. ఇన్ని నెలలు ఆ ఇంట్లో తండ్రీ కూతురు సరిగా మాట్లాడుకోలేదు. నువ్వేమో ఈడ రేకు తుడస్తా ఉండావు.”

“నాతో ఎందుకు చెప్పలేదక్కా ఆమె?”

“చెప్పింది కదా, బస్సులో. పిల్లను చూసేకి వస్తా ఉండారని. ఆడపిల్ల ఇంకెట్ల చెప్తుంది? నువ్వు మంచిది అన్నావంట!” పాపక్క నుదురు కొట్టుకుంది. “పో. నా అంగడి ముందర నిలబడొద్దు.”

* * *

అతను ఇంటికి పోలేదు. తిరుగు బస్సులో ఇండూరులోనే దిగేశాడు.

చింతపండు షెడ్డులో వసంతకుమార్ మనుషుల చేత గింజ తీయిస్తున్నాడు. బట్టతల, మందపాటి మీసం. లోకనాథన్ తన పేరూ, ఊరూ, అవ్వ పేరూ చెప్పాడు.

“బోర్డుల అబ్బాయి,” అన్నాడాయన తల ఎత్తకుండా. “నా కూతురు ఫోన్‌లో నీ ఫోటో ఉంది. ఏదో సోడా అంగడి ముందర, వానలో.”

ఆ ఫోటో ఆమె ఎప్పుడు తీసిందో లోకనాథన్‌కు తెలియదు. వచ్చిన పని చెప్పేశాడు. “కీర్తిక అంటే నాకు ఇష్టం. పెండ్లి చేసుకోవల్లని అడిగేకి వచ్చినాను. నాకు సొంత ఇల్లు లేదు. అంగడి ఉంది, అద్దెదే. అది దాచి మాట్లాడను.”

“ఆమె చెన్నైలో పని వదులుకుని నీ రేకుల షెడ్డుకు వస్తుందా?”

“వదలొద్దు. ఆమె పని చాలా మంచి పని. నేను దగ్గర్నుంచి చూసినాను. ఆడికీ ఈడికీ నేను తిరుగుతాను. బోర్డులు యాడైనా చేయొచ్చు.”

వసంతకుమార్ ఇప్పుడు తలెత్తి చూశాడు. “ఆమెను అడిగినావా?”

“లేదు మామా.”

మామా అన్న మాట ఎలా వచ్చిందో వచ్చేసింది. గింజ తీసే ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. వసంతకుమార్ మీసం కూడా ఒక పక్క కదిలింది.

“ఆమెను అడక్కుండా నన్ను అడిగేకి వచ్చినావా? నేనా నిన్ను పెండ్లి చేసుకునేది? పో, ముందు ఆమెను అడుగు. ఆమె సరే అంటే అప్పుడు నాతో మాట్లాడు. నాలుగైదు నెలలుగా ఈ ఇంట్లో సరిగా అన్నం తినలేదయ్యా ఎవురమూ.”

రోడ్డు మీదికి వచ్చి, కీర్తికకు ఫోన్ చేశాడు.

“సొల్లుంగ,” అని తమిళంలో ‘చెప్పండి’ అంది కీర్తిక గొంతు, చాలా మర్యాదగా.

“నేను... ఇండూరులో ఉండాను. మీ అప్పతో మాట్లాడినాను.”

అటువైపు చెన్నై బస్సుల హారన్లు వినబడ్డాయి.

“ఏమని మాట్లాడినావు?”

“కీర్తికా, ఆ పొద్దు బస్సులో నేను...”

“వద్దు,” అంది గబుక్కున. “ఫోన్‌లో వద్దు. ఇన్ని నెలలు కాచుకోనుండాను. నీ మొగం చూస్తా వినల్ల. రేపు మొరప్పూర్‌లో దిగుతాను. వచ్చి నిలబడు.”

* * *

మరునాడు పొద్దుటినుంచీ ముసురు. రైలు ఆలస్యం. మొరప్పూర్ స్టేషన్‌లో లోకనాథన్ ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాడు. ఏం చెప్పాలో దారిపొడుగునా అనుకుంటూ వచ్చాడు. రైలు కనబడగానే అంతా మర్చిపోయాడు.

దిగినవాళ్ళు కొద్దిమందే. చివరి పెట్టె దగ్గర కీర్తిక నిలబడి ఉంది. సన్నబడింది. గొడుగు తెరవలేదు. అతను పరుగెత్తాడు. దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

“చెప్పు,” అంది.

“నువ్వంటే నాకు ప్రాణం. ఆ సంబంధం మంచిది కాదు. ఆ పొద్దు అట్ల అన్నాను గానీ మంచిది కానే కాదు. నువ్వు వేరేవాణ్ణి చేసుకుంటే నేను బతికుంటాను గానీ... ఊరికే బతికుంటాను. నన్ను చేసుకుంటావా?”

ఆమె కింది పెదవి కొరుక్కుంది. “మళ్ళీ చెప్పు.”

“ఏది?”

“మొత్తం.”

చెప్పాడు. ఈసారి ఇంకా తడబడ్డాడు. పక్కనే టీ అమ్మే ఆయనకు తెలుగు రాదు గానీ విషయం అర్థమైపోయింది. కెటిల్ దించి, నవ్వుతూ నిలబడ్డాడు. కీర్తిక రెండు చేతులతో లోకనాథన్ చొక్కా పట్టుకుని, అతని గుండెల మీద నుదురు ఆనించింది. ఏడుస్తోందో నవ్వుతోందో అతనికి తెలియలేదు. రైలు వెళ్ళిపోయినా ఆమె కదల్లేదు.

“ఎంత ఏడిపించినావు నన్ను,” అంది చివరికి. “ఆ బొటనవేలు పంపించి ఆ సాయంత్రమంతా ఏడ్చినాను.”

“నేనూ.”

“అప్ప ఏమన్నాడు?”

“ముందు నిన్ను అడగమన్నాడు.”

“అడిగినావు. సరే అన్నాను. రా పోదాం.”

ధర్మపురి బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. కీర్తిక తడి జడ ముందుకు వేసుకుని, ఒక చేత్తో అతని చెయ్యి గట్టిగా పట్టుకుని, ఇంకో చేత్తో ఇంటికి ఫోన్ చేసింది. చుట్టూ జనం ఉన్నారు. గొంతు ఏమాత్రం తగ్గించకుండా తెలుగులోనే మాట్లాడింది.

“అప్పా, నేనే. మొరప్పూర్ దాటినాము. ఇద్దరం వస్తా ఉండాం. ఇంకో పిడికెడు బియ్యం ఎక్కువ వేయమని అమ్మకు చెప్పు.”